సీట్లు నలగని వ్యాను

మా పెద్దబాపు భూమేశ్వర్‌ను మోసం చేయగల పసుపు రైతు ఆర్మూర్ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదని మార్కెట్లో చెప్పుకునేవారు. ఆ మాట మొదట ఎవరన్నారో నాకు తెలుసు. ఆయనే అన్నాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు కాదనడానికి ఎవరికీ అవకాశం దొరకలేదు, అంతే.

రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో సరుకు చూడటం ఆయన పని. రైతు బస్తాలు విప్పి కుప్ప పోస్తే పైనున్న పసుపు ముట్టుకోడు. మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి అడుగునుంచి ఒక కాడి, అంటే వేలంత పసుపు కొమ్ము తీస్తాడు. చెవి దగ్గర పెట్టుకుని విరుస్తాడు. టప్పుమని విరిగితే బాగా ఎండిందని, మెత్తగా వంగితే ఇంకా తడి ఉందని అర్థం. విరిగినచోట రంగు చూసి నాలుక కొనకు తాకించుకుంటాడు. నిరుటి సరుకు కలిపినా, మెరుపు కోసం డ్రమ్ములో తిప్పేటప్పుడు రంగుపొడి జల్లినా ఆయనకు దొరికిపోవలసిందే. ఇన్ని చేసే మనిషి ఒక్క పని మాత్రం చేయడు. రైతును నోరు తెరిచి ఏమీ అడగడు. ఏ చేను, ఎన్నడు ఉడకబెట్టావు, ఏం కలిపావు, ఏదీ అడగడు. "నోరున్నోడు అబద్ధమాడుతడు. సరుకుకు నోరు లేదు, గది అబద్ధమాడదు" అనేవాడు.

ఈ విద్యను మార్కెట్లోనే వదిలేసి వస్తే మా ప్రాణాలు సుఖంగా ఉండేవి. ఇంటికి కూడా తెచ్చేవాడు. వంకాయను చెవి దగ్గర పెట్టుకుని నొక్కేవాడు. పెద్దమ్మ కమలవ్వ కొత్త చీర కట్టుకుంటే కొంగు తిరగేసి చూసేవాడు. నాకు పన్ను నొప్పి వస్తే దవాఖానకు తీసుకెళ్లి, డాక్టర్ చేతుల వాసన నచ్చలేదని వెనక్కి తీసుకొచ్చాడు. ఆ పన్ను నాకిప్పుడు లేదు. ఆయనంటే నాకు ఎంత ప్రేమో అంత కోపం కూడా.

మా బాపు గంగాకిషన్ ఆయనకు తమ్ముడు. అప్పటికి పదకొండేళ్లుగా దుబాయిలో నీళ్ల ట్యాంకర్ నడుపుతున్నాడు. రాయడం రాదు కాబట్టి క్యాసెట్లో మాట్లాడి పంపేవాడు. 1996 జనవరిలో వచ్చిన క్యాసెట్లో, ఇక చాలు, మార్చిలో వచ్చేస్తున్నానని చెప్పాడు. "ఒక పాత మారుతి వ్యాను చూసి కొనుండ్రి. ఇంటిల్లిపాదికి పనికొస్తది. రేపు నేను నడుపుకున్నా బువ్వ పెడుతది. కిందటిసారి ఎవలో తెల్వనోళ్ల నడుమ జీపుల ఇరుక్కోని ఇంటికొచ్చిన. గీసారి మీరందరు రావాలె."

అమ్మ ఆ క్యాసెట్‌ను నాలుగుసార్లు విన్నది. మా అమ్మ శంకరమ్మ బీడీలు చుడుతుంది. చేతిలో బీడీల చాట ఉంటే ఇల్లు కూలినా తల ఎత్తదు. కానీ అంతకుముందు మూడేళ్లలో మా గల్లీలోనే రెండిళ్లకు దుబాయి నుంచి మనుషులు పెట్టెల్లో వచ్చారు. ఒకాయన కడుతున్న బిల్డింగు మీదినుంచి పడ్డాడు. ఇంకొకతను రాత్రి పడుకుని తెల్లారి లేవలేదు. ఆ ఇళ్లకు వెళ్లివచ్చిన రోజుల్లో అమ్మ చాట ముట్టుకోలేదు. అందుకే పెద్దబాపుతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మామూలుగా లేదు.

"బావా, నాకు సోకుల బండి వద్దు. మోసం లేని బండి చూడు. గాయిన మన బండిల, మన నడుమ కూసోని ఇంటికి రావాలె. గంతే."

"గది నాకు విడిచిపెట్టు శంకరమ్మా. నీ మొగన్ని ఎసొంటి బండిల తెస్తనో చూడు" అన్నాడు పెద్దబాపు. ఆ మాట ఇచ్చినప్పుడు ఆయన గడప మీద నిలబడి ఉన్నాడు. నాకు బాగా గుర్తుంది.

నిజామాబాద్‌లో పాత బండ్లు అమ్మే ఒక ఆవరణకు ముగ్గురం వెళ్లాం. పెద్దబాపు, నసీర్, నేను. నసీర్‌కు మా గల్లీ చివర మెకానిక్ షెడ్డు ఉంది, డ్రైవింగు కూడా అతనే చేస్తాడు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. కాగితాల మీద ఇంగ్లీషు చదవడానికి నన్ను తోడు తీసుకెళ్లారు.

అక్కడ మూడు వ్యాన్లున్నాయి. మొదటిది నీలం రంగుది. అద్దంలా మెరుస్తోంది. పెద్దబాపు దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, "డ్రమ్ముల తిప్పిన సరుకు" అన్నాడు. నసీర్ జేబులోంచి దారం కట్టిన అయస్కాంతం తీసి తలుపు పొడవునా జరిపాడు. కిందికి వచ్చేసరికి అది అంటుకోలేదు. "లప్పం పెట్టిన్రు భూమన్నా, కింద రేకే లేదు" అన్నాడు. రెండోది బడి పిల్లల్ని తిప్పిన బండి. సీట్ల స్పాంజి బయటికొచ్చింది. స్టార్ట్ చేయగానే నీలంగా పొగ కక్కింది. ఇంజన్ ఆయిల్ తాగుతోందన్నాడు నసీర్.

మూడోది తెల్లది. దుమ్ము పట్టి, అక్కడక్కడ గీతలు పడి ఉంది. కానీ అయస్కాంతం అన్నిచోట్లా అంటుకుంది. నసీర్ డ్రైవర్ సీటు పైకి లేపి కిందున్న ఇంజన్ చూశాడు, నడిపి చూశాడు, బ్రేకు తొక్కి చూశాడు. దిగేసరికి ముఖమంతా నవ్వే. "మస్తుగ చూసుకున్నరు భూమన్నా. ఎన్నడు గూడ నడిరోడ్డు మీద ఆగిన బండి కాదిది."

అప్పుడు పెద్దబాపు రంగంలోకి దిగాడు. వెనక తలుపు ఎత్తి, రబ్బరు చాప లేపి, మూలల్లో గోటితో గీకాడు. గోటికి పసుపు వచ్చింది. పక్కనే గులాబీ రంగు బుక్కా పొడి. ఎండిన బంతిపూల రేకులు, నాలుగు పేలాలు కూడా ఉన్నాయి. లోపలంతా ఊదుబత్తీల వాసన. ఆయన ఆ పసుపును నాలుకకు తాకించుకుని కళ్లు మూసుకున్నాడు.

"మన దిక్కు పసుపే బిడ్డా! పెండ్లిండ్లకు తిరిగిన బండి ఇది. లచ్చిమి!"

మీటరు చూస్తే లక్ష కిలోమీటర్ల దగ్గరికి తిరిగింది. సీట్లు చూస్తే నిన్న షోరూంలోంచి వచ్చినట్టున్నాయి. ఎవరూ కూర్చోకుండా అంత దూరం ఎలా తిరిగిందని నేను అడిగాను. ఆయన వంగి సీటు బోల్టులు చూపించాడు. అరిగి తళతళలాడుతున్నాయి. "తెలుస్తలేదా? సీట్లు ఇప్పి కడుక్కున్నడు. గంత శుభ్రమున్న మనిషి" అన్నాడు.

నసీర్ గడ్డం గోక్కున్నాడు. "భూమన్నా, ఒక్కసారి అడుగుదమా? ఏం పనికి తిప్పిన్రో."

"నోటితోని అడుగుడు నాకు అలవాటు లేదు నసీరూ."

అమ్మే మనిషి పది అడుగుల దూరంలో పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. అడిగితే చెప్పేవాడనే ఈ రోజుకూ నా నమ్మకం. ఎవరూ అడగలేదు. బండి కొనేశాం.

మూడు వారాలపాటు పెద్దబాపు కాళ్లు నేల మీద నిలవలేదు. సిద్ధులగుట్ట దాకా అందరినీ తిప్పాడు. బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు. దారిన పోయేవాళ్లను పిలిచి బోల్టులు చూపించేవాడు. అమ్మ ముందు ఎడమ సీటు మీద కొత్త తువ్వాలు పరిచి, బాపు వచ్చేదాకా ఎవరూ అందులో కూర్చోవద్దంది. నా ఇద్దరు తమ్ముళ్లు కూర్చుంటే చెవులు మెలేసింది.

బాపు ఆదివారం రావాలి. ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి, ఆదివారం కాదు, గురువారం వస్తున్నానని, పది గంటలకు బయటికొస్తానని చెప్పాడు. మూడు రోజులు ముందుకు ఎందుకు జరిగిందో చెప్పలేదు. గురువారం కోడి కూయకముందే బయలుదేరాం. నసీర్ నడుపుతున్నాడు. ఎడమ సీటు ఖాళీగా ఉంచి అమ్మ, పెద్దబాపు, నేను, తమ్ముళ్లు వెనక కూర్చున్నాం. పెద్దమ్మ వంట చేస్తానని ఇంట్లో ఉండిపోయింది.

బేగంపేటలో బండి ఎక్కడ ఆపాలో తెలియక, ఎయిర్‌పోర్టు గోడ వెంట వెళ్తుంటే సామాన్లు దించే గేటు ఒకటి వచ్చింది. అక్కడి వాచ్‌మన్ మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. మేము అడగకముందే గేటు తెరిచాడు. మర్యాద చేస్తున్నాడనుకుని పెద్దబాపు మీసం దువ్వుకున్నాడు.

వాచ్‌మన్ నసీర్ కిటికీ దగ్గరికి వచ్చాడు. "ఏం భాయ్, గింత లేటా? పెట్టె ఎప్పుడో దిగింది. కాగితాలు గూడ అయిపోతున్నయ్. ఇంకా సీట్లే తియ్యకపోతివి!"

"ఏం పెట్టె?" అన్నాడు నసీర్.

"డెడ్‌బాడీ. పొద్దుగాల దుబాయి ఫ్లైట్ల వచ్చింది. ఆర్మూర్ దిక్కుదే. మీరు గందుకే రాలేదా?"

అమ్మ అరవలేదు. నోరు తెరిచి ఉంది, అందులోంచి శబ్దం రావడం లేదు. మూడు రోజులు ముందుకు జరిగిన ప్రయాణం ఆ క్షణంలో మా అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఫోన్ చేసింది బాపే కదా, గొంతు బాపుదే కదా అని నేను లోపల్లోపల వాదించుకుంటున్నాను. ఆ ఫోన్ వచ్చి మూడు రోజులైంది. మూడు రోజుల్లో ఏమైనా జరగవచ్చు.

పెద్దబాపు తలుపు జరపబోతే చేతికి పిడి దొరకలేదు. రెండుసార్లు తడిమి, ఎలాగో దిగాడు. "పేరు... పేరేంది?"

"పేరు నాకేమెరుక. లోపల అడిగొస్త, ఉండుండ్రి."

"జర ఆగు" అని నసీర్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "మా బండిని నువ్వెట్ల గుర్తుపట్టినవ్?"

వాచ్‌మన్ ఆశ్చర్యపోయాడు. "నంబర్ చూసి. నాలుగేండ్ల సంది గీ గేటుకు వచ్చే బండే గదా. దుబాయి పెట్టెలు మోసుడే దీని పని. కరీంనగర్ దిక్కు, మీ దిక్కు, ఎటైనా పోయేది. డ్రైవర్ మారిండనుకున్న. మీకు ఎరుకలేదా?"

అతను లోపలికి వెళ్లిపోయాడు. నేను కూర్చున్న సీటు నా కింద కాలుతున్నట్టయింది. ఎవరూ కూర్చోని సీట్లు. అరిగిన బోల్టులు. చాప కింద పసుపు, బుక్కా, పేలాలు. శవం మీద చల్లేవి కూడా అవే కదా! మా ఊళ్లో పుట్టి పెరిగిన మనుషులం, ఎన్ని చావులకు వెళ్లలేదు మేము? అయినా పసుపు కనబడగానే పెళ్లే అనుకున్నాం. పెద్దబాపు తువ్వాలు అంచుతో నాలుక తుడుచుకుంటున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. ఆ రోజు ఆవరణలో ఆయన రుచి చూసింది ఏమిటో ఆయనకు తెలిసిపోయింది. నాకు ఆయనను చూడాలంటే భయమేసింది.

వాచ్‌మన్ తిరిగి వచ్చాడు. "రాజమల్లు అంట. ఊరు భీమ్‌గల్."

"అమ్మయ్య!" అంది అమ్మ. ఆ మాట గట్టిగానే వచ్చింది. వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఎందుకంటే గేటు పక్కన గోడ నీడలో ఒక ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. అప్పటిదాకా మేము చూడలేదు. ఆయన లేచి వచ్చి పెద్దబాపు రెండు చేతులూ పట్టుకున్నాడు. పేరు ఎంకటి. రాజమల్లు తండ్రి. "వచ్చినవా అయ్యా. మాట్లాడిన బండి రాలేదు, పొద్దటిసంది చూస్తున్న. వచ్చినవ్, పుణ్యముంటది" అన్నాడు. మాది పెట్టెలు మోసే బండి కాదని చెప్పడానికి పెద్దబాపుకు నోరు రాలేదు. చెబితే అది అబద్ధం కూడా అయ్యేది.

అంతలో గేటు లోపలినుంచి మా బాపు నడిచి వచ్చాడు. భుజాన సంచి, చేతిలో కాగితాలు. నడిచి వచ్చాడు! తమ్ముళ్లు కేకలు పెట్టి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. ఆయన మమ్మల్ని గట్టిగా పట్టుకున్నాడు గానీ నవ్వలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రాజమల్లు మా రూంలనే ఉంటుండె" అన్నాడు అమ్మ ముందు నిలబడి. "శనివారం పండుకున్నోడు లేవలె. పెట్టె ఒక్కటే వస్తదన్నరు. వెంబడి ఎవలు లేకుంటె ఎట్ల అని టికెట్ మార్చుకున్న. పైన నేను కూసున్న, కింద గాడు." ఆయన బండిని, ముసలాయనను, మా ముఖాలను చూశాడు. నసీర్ తలవంచుకుని రెండు ముక్కల్లో సంగతంతా చెప్పాడు.

బాపు భుజాన ఉన్న సంచి కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అయితె ఇంకేంది. గాన్ని గుడ గీ బండిలనే తీస్కపోదం."

అమ్మ వెనక్కి జరిగింది. పదకొండేళ్ల దుబాయి వదిలి వచ్చిన మొగుడి మీద అలా అరుస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. "నీకు బుద్ధున్నదా? నిన్ను తీస్కపోవుటానికి తెచ్చిన బండి ఇది! గా పెట్టె పక్కన నిన్ను కూసుండనియ్య. గీ బండిల నువ్వు కాలే పెట్టద్దు. బస్సుల పోదం పా!"

బాపు తన అన్న వైపు తిరిగాడు. "అన్నా, బండి చూసింది నువ్వు. నువ్వు చెప్పు."

పెద్దబాపు అక్కడే నిలబడి ఉన్నాడు. ఒప్పుకుంటే అమ్మకిచ్చిన మాట తప్పుతాడు. కాదంటే ఆ ముసలాయన చేతులు విడిపించుకోవాలి. ఆయన ముసలాయన ముఖంలోకి చూసి, నోరు తెరిచి అడిగాడు.

"నీ కొడుకు ఎంత పొడుగుండె?"

ఎంకటి చెయ్యి తలకంటే పైకి ఎత్తి చూపించాడు. "మస్తు పొడుగు. ఎప్పుడు మా దర్వాజ తలకు తాకేది."

"అయితె ముందటి సీటు గుడ తియ్యాలె" అన్నాడు పెద్దబాపు. నసీర్ దగ్గర పానా తీసుకుని తనే బండిలోకి వంగాడు. పానా ఒక్క చుట్టు తిప్పితే చాలు, మిగతాదంతా వేళ్లతోనే ఊడి వస్తోంది. ఊడిన బోల్టులను ఒక్కొక్కటిగా జేబులో వేసుకున్నాడు. వెనక సీట్లను వాచ్‌మన్ తన గదిలో పెట్టాడు. అతనికి అది అలవాటే. పెట్టె కింద ఎత్తు సరిచేసే చెక్క కూడా అతని గదిలోనే ఉంది.

పెట్టె ఎక్కించారు. నసీర్ సీటు తప్ప, పెట్టెకు అటూ ఇటూ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చునేంత జాగా మిగిలింది. ఒకవైపు ఎంకటి కూర్చున్నాడు. రెండోవైపు బాపు. అమ్మ ముఖం తిప్పుకుని గోడ వైపు నిలబడింది.

ముసలాయన పెట్టె మీద చెయ్యి వేసి, ఎవరితోనూ కాకుండా అన్నాడు. "వీడు బండి ఎక్కితె కక్కుతడు. చిన్నప్పటిసంది గంతే. కిటికి కాడ కూసుండబెట్టాలె. గాలి తగులాలె."

అమ్మ ఇటు తిరిగింది. ఆమె ముఖం చూసి నేను పక్కకు జరిగాను. ఏమీ మాట్లాడకుండా వెళ్లి, పెట్టె పక్కనున్న కిటికీ అద్దాన్ని జరిపింది. బిగుసుకుపోయి ఉంటే రెండు చేతులతో బలంగా లాగి పూర్తిగా తెరిచింది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని లోపలికెక్కి, బాపు పక్కన ఉట్టి రేకు మీద కూలబడింది. అదిరితే జరగకుండా పెట్టెకు చెయ్యి అడ్డం పెట్టింది. వ్యాను వెళ్లిపోయింది. ఏడుపు ఆగక తమ్ముళ్లు నా కొంగు పట్టుకున్నారు.

మేం మిగిలిన నలుగురం ఆటోలో జూబ్లీ బస్టాండుకు వెళ్లి ఆర్మూర్ బస్సెక్కాం. ముందు సీటును మాత్రం పెద్దబాపు వాచ్‌మన్ గదిలో పెట్టనివ్వలేదు. తువ్వాలుతో సహా నెత్తి మీద పెట్టుకుని తెచ్చాడు. బస్సులో దాన్ని నడుమ దారిలో దింపి, దాని మీద కూర్చోకుండా పక్కన నిలబడ్డాడు. కూర్చోమని నేను రెండుసార్లు చెప్పినా వినలేదు.

కండక్టర్ వచ్చాడు. దారికి అడ్డంగా ఉన్న సీటును కాలితో తట్టి, "ఎవలదయ్యా ఇది?" అన్నాడు.

పెద్దబాపు వంగి, తువ్వాలు మీద దుమ్ము దులిపాడు.

"మా తమ్మునిది. ఇయ్యాలనే దుబాయి నుంచి వచ్చిండు" అన్నాడు. "కింద కూసున్నడు."